బోరు ఎండిన ఏడాది మా పెరట్లో కూరగాయలు

మాది చిత్తూరు వైపు పాకాలకు దగ్గర్లో చిన్న ఊరు. ఇంటి వెనక పన్నెండు సెంట్ల పెరడు ఉంది. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ ఎర్రగడ్డలు (ఉల్లిపాయలు), ఉర్లగడ్డలు (బంగాళాదుంపలు) తప్ప కూరగాయలు కొన్నది తక్కువ. 2018 డిసెంబరు నుంచి 2019 సెప్టెంబరు దాకా ఆ పెరడు ఎట్లా బతికిందో, ఎంత పోయిందో నోటుబుక్కులో రాసి పెట్టుకున్నాను. అది ముందు పెట్టుకునే ఇది రాస్తున్నాను.

మాకు నైరుతి వానలు ఎట్లా పడినా చెరువు నిండేది అక్టోబరు, నవంబరు వానలకే. అందుకే టీవీలో తుపాను అన్నప్పుడల్లా ఆశపడ్డాం. అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళం మీద పడింది. నవంబరు 16న గజ వేదారణ్యం దగ్గర తీరం దాటింది. డిసెంబరు 17న పెథాయ్ గోదావరి వైపు పోయింది. మూడు తుపాన్లు పోయినా మా చెరువులో పిల్లోళ్లు క్రికెట్ ఆడుతూనే ఉన్నారు. అక్కడ ఇళ్లు కూలి, చెట్లు విరిగి జనం రోడ్డున పడితే, ఇక్కడ మనకు వాన రాలేదని బాధపడటం తప్పే. అయినా ఆ రాత్రుల్లో మిద్దె మీద నిలబడి ఆకాశం చూస్తూ ఏడ్చిన మాట నిజం.

డిసెంబరు 23, ఆదివారం. పొద్దున మోటారు వేస్తే పావుగంట బాగా పోసింది. తర్వాత పైపు దగ్గడం మొదలుపెట్టింది. కాసేపు నీళ్లు, కాసేపు గాలి. మా బోరు 420 అడుగులు. అంతకుముందు గంటన్నర ఆగకుండా పోసేది. నేను చేసిన మొదటి తప్పు ఇక్కడే. గాలి వస్తున్నా ఆపకుండా, ఇంకో నాలుగు బిందెలు రాకపోతాయా అని రోజూ వదిలేశాను. జనవరి 3న మోటారు కాలిపోయింది. పైకి లాగడానికి, వైండింగుకు, మళ్లీ దించడానికి కలిపి 6,200 రూపాయలు. ఐదు రోజులు చుక్క నీళ్లు లేవు. గాలి రావడం మొదలైతే అక్కడితో ఆపేయాలి. రెండు రోజులు బోరును వదిలేస్తే నీళ్లు మళ్లీ ఊరతాయి. మాకు అట్లా రెండు రోజులకోసారి పన్నెండు నిమిషాలు పోసేది. కొలిచాను, నాలుగు వందల లీటర్లు.

సంక్రాంతికి అనపగింజలు నానబెట్టి, పొట్టు పితికి పితికిపప్పు చేసుకున్నాం. అనపకాయలు ఆ ఏడాది మా పక్క చేలల్లో సగం కూడా కాయలేదు. పండగ పూట ఇంట్లో అందరి మాటా ఒక్కటే, కొత్త బోరు వేద్దామని. నాకు మనసొప్పలేదు. కానీ గట్టిగా చెప్పలేకపోయాను.

ఫిబ్రవరి 6న బోరు వేసే బండి వచ్చింది. కొబ్బరికాయ అరచేతిలో నిలబడిన చోట పాయింటు పెట్టారు. రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టి తెల్లవారుజామున నాలుగున్నర దాకా వేశారు. మూడు వందల అడుగుల దగ్గర మట్టి కాస్త తడిగా వచ్చింది. మా ఆయన ముఖం వెలిగింది. ఆ తర్వాత 750 అడుగుల దాకా తెల్లటి రాతిపొడి తప్ప ఏమీ లేదు. కేసింగు, డ్రిల్లింగు, మనుషుల భోజనాలు అన్నీ కలిపి 78 వేలు. అందులో 50 వేలు పాప చదువుకని దాచినవి. తెల్లారి పెరట్లోకి పోతే వంగ ఆకులు, బెండ ఆకులు, పందిరి మీది బీర తీగ అన్నీ పిండిలో ముంచినట్టు తెల్లగా ఉన్నాయి. ఆకులు కడుగుదామంటే నీళ్లు లేవు. పాత తువ్వాలుతో ఒక్కో ఆకూ తుడుస్తూ కూర్చున్నాను. మా అత్త వచ్చి పక్కన కూర్చుని, ఏమీ మాట్లాడకుండా తన కొంగుతో తుడవడం మొదలుపెట్టింది.

ఆ ఆదివారమే నీళ్ల లెక్క రాశాను. ఇంట్లో ఐదుగురం, ఒక ఆవు. పంచాయతీ ట్యాంకరు రోజు మార్చి రోజు వస్తే ఇంటికి ఎనిమిది బిందెలు. మా బిందె పదిహేను లీటర్లు. బోరు నీళ్లు కూడా కలిపితే రోజుకు 260 లీటర్లు. వాడకం పోను పెరటికి మిగిలేది ఆరు బిందెలు. అంతకుముందు గొట్టం పెట్టి నేను పెరటికి వదిలింది ఎంతో తెలుసుకుందామని, పాత లెక్కన గంటన్నరకు కట్టి చూశాను. అంకె చూసి చాలాసేపు నమ్మలేదు. రోజుకు రెండు వేల లీటర్లకు తక్కువ లేదు. అందులో మొక్క తాగింది ఎంత, ఎండకు ఆవిరైంది ఎంత!

అప్పుడు పెరట్లో ఉన్నవి ఇవీ: అరవై టమాటా మొక్కలు, ఇరవై నాలుగు వంగ, నలభై బెండ, పదిహేను మిరప, బీర పందిరి, రెండు మళ్ల తోటకూర, కొంచెం గోంగూర, రెండు మునగ, ఆరు అరటి, కరివేపాకు చెట్టు, రెండు కొబ్బరి చెట్లు. ఆరు బిందెలకు ఇవన్నీ బతకవు. ఏవి ఉంచాలి, ఏవి వదిలేయాలి అన్నది తేల్చడమే నాకు ఈ ఎనిమిది నెలల్లో అన్నిటికన్నా కష్టమైన పని. గుంతలు తవ్వడం, నీళ్లు మోయడం దాని ముందు ఏమీ కాదు.

టమాటాలు పూత మీద ఉన్నాయి. పూత మీద ఉన్న మొక్కకు నీళ్లు మానేయడానికి చెయ్యి రాలేదు. మూడు వారాలు రోజుకు ఐదు బిందెలు వాటికే పోశాను. మిగతా మొక్కలకు అరకొరగా పోశాను. మార్చి వచ్చేసరికి ఎండ ముదిరి పూత మొత్తం రాలిపోయింది. ఎండ బాగా ముదిరితే నీళ్లున్నా టమాటా పిందె నిలబడదు. ఆ సంగతి తెలిసి కూడా పోశాను. మార్చి 2న గానీ వదిలేయలేదు. అప్పటికి వంద బిందెలు వృథా. ఆ నీళ్లు వంగకూ మిరపకూ పోసి ఉంటే నాలుగు మిరప మొక్కలు చచ్చేవి కావు. మీ ఊర్లో కార్తీకం వానలు పోయాయని తెలిసిన రోజే తోటను సగానికి తగ్గించండి. నేను జనవరిలో చేయాల్సింది మార్చిలో చేశాను.

కొబ్బరి చెట్ల సంగతి వేరు. రెండూ మా మామ నాటినవి. ఒక్క చెట్టుకే రోజుకు మూడు బిందెలైనా కావాలి. స్నానాల నీళ్లు మళ్లిస్తే ఒక్కదానికి సరిపోతాయి. ఏ చెట్టుకు మళ్లించాలో నేను చెప్పలేనని అత్తతో అన్నాను. ఆమె రెండు చెట్ల చుట్టూ తిరిగి, బావి వైపు ఉన్నదాని మీద చెయ్యి పెట్టి, "దీనికి పొయ్యమ్మా" అనింది. అంతే. రెండో చెట్టు జూన్ దాకా లాగింది. మొదట పిందెలు రాలాయి, తర్వాత మట్టలు వాలాయి, చివరికి మొవ్వు వంగిపోయింది. ఆ తర్వాత మూడు రోజులు అత్త పెరట్లోకి రాలేదు.

ఇక కుండల విషయం. మట్టికుండను మెడ దాకా భూమిలో పాతి నీళ్లు నింపితే, గోడల్లోంచి చెమ్మ బయటికి ఊరుతుంది, పక్కన ఉన్న వేర్లు తాగుతాయి. విన్నాను గానీ ఎప్పుడూ చేయలేదు. శివరాత్రి అయిన వారానికి పక్క ఊరి కుమ్మరి దగ్గరికి పోయి, గట్టిగా కాలినవి, బరువైనవి ఇరవై రెండు ఏరుకున్నాను. ఎందుకని అడిగాడు. చెప్పాను. ఆయన నవ్వి అవన్నీ పక్కన పెట్టేశాడు. "ఇవి ఊరవు తల్లీ, నీళ్లను పట్టుకుని కూర్చుంటాయి. నీకు కావాల్సింది పల్చటివి, కాల్పు తక్కువైనవి" అని తక్కువ రేటు కుండలు తీసిచ్చాడు. ఒక్కోటి 70 రూపాయలు, ఆటోకు 300. ఏడు లీటర్లు పడతాయి. ఇంటికి తెచ్చి రాత్రంతా నీళ్లు పోసి అరుగు మీద పెట్టాను. పొద్దునకు చాలా కుండలకు బయట సన్నటి చెమట పట్టింది, వేలితో రాస్తే వేలు తడిసింది. రెండింటికి పగుళ్లున్నాయి, రాత్రికే ఖాళీ. మూడు కుండలు పొడిగా ఉన్నాయి. ఆ ఐదూ మార్చుకొచ్చాను. పాతక ముందే ఇట్లా చూసుకోండి, పాతిన తర్వాత తెలియదు.

పాతిన రాత్రి నాకు పెద్ద టెన్షన్. సాయంత్రం నింపిన కుండలన్నీ పొద్దునకల్లా ఖాళీ. నూటయాభై లీటర్లు ఒక్క రాత్రిలో పోయాయి. మోసపోయానని కూలబడ్డాను. నిజానికి ఎండి బిగిసిన నేల ముందు తన దాహం తీర్చుకుంది. రెండోసారి నింపితే రెండు రోజులు ఆగాయి. మూడోసారి నుంచి నాలుగు రోజులు. అంటే రోజుకు మూడు బిందెలు కూడా కాదు. ఒక్కో కుండ చుట్టూ జానెడు దూరంలో మూడు మొక్కలు. పెద్ద వంగ మొక్కలను కదపకుండా వాటి మధ్యలోనే గుంత తవ్వి పాతాను, ఒకటి రెండు వేర్లు తెగినా తట్టుకున్నాయి. మిగతా కుండల చుట్టూ గోరుచిక్కుడు, అలసంద, దోస విత్తనాలు పెట్టాను. మొలకలకు కుండ చెమ్మ అందదు, మొదటి పదిహేను రోజులు చెంబుతో పోయక తప్పదు. కుండలకు మూతలు తప్పనిసరి. మూత లేని ఒక కుండలో నాలుగో రోజుకే దోమ పిల్లలు కనబడ్డాయి.

వీడియోలు చూసి రెండేళ్ల కింద నేను కట్టిన ఎత్తు మళ్లు ఈ కరువులో ఎందుకూ పనికి రాలేదు. నాలుగు వైపులా గాలి తగిలి కాల్చిన ఇటుకల్లా అయ్యాయి. వాటిని తవ్వి, నేల కన్నా అరడుగు లోతు మళ్లు చేయించాను. ఇద్దరు కూలీలు, ఒక రోజు. బెండ, తోటకూర వాటిలోకే మారాయి. గట్టు నీడ పడి, గాలి తగలక తడి ఒక రోజు ఎక్కువ నిలిచింది.

నేల కప్పడానికి వరిగడ్డి తెచ్చి పరుస్తుంటే అత్తకు కోపం వచ్చింది. "జనం గడ్డి లేక ఆవులను సంతకు తోలుకుపోతా ఉంటే, నువ్వు మట్టికి కప్పుతావా?" అనింది. ఆ మాటకు తల దించుకున్నాను. పరిచిన గడ్డి ఏరి ఆవుకే వేశాను. శెనక్కాయ పొట్టు తెద్దామంటే ఆ ఏడాది పంటే లేదు. చివరికి మా చుట్టూ ఉన్న మామిడి తోపుల్లో రాలిన ఆకులు గుర్తొచ్చాయి. అడిగితే తోపు వాళ్లు ఊరికే తీసుకోమన్నారు. పద్నాలుగు గోతాలు తెచ్చి బెత్తెడు మందాన పరిచాను. మామిడాకు గట్టిది, త్వరగా కుళ్లదు. కానీ గాలికి ఎగిరిపోతుంది, పైన కొబ్బరి మట్టలు అడ్డం వేయాల్సి వచ్చింది. నెల తిరిగేసరికి చెదలు పట్టాయి. ఎండు ఆకు తిన్నంత సేపు పర్వాలేదు, మిరప కాండాల మీదికి ఎక్కాయి. కాండం చుట్టూ నాలుగు వేళ్ల మేర ఆకు తీసేసి వేపపిండి చల్లాక తగ్గింది. ఇంకో మాట, ఆ ఆకుల కింద చల్లగా ఉంటుంది కాబట్టి తేళ్లు చేరతాయి. కర్రతో కదపకుండా చెయ్యి పెట్టొద్దు. మా పాప చెయ్యి పెట్టబోయిన చోటే ఒకటి కనబడింది.

వంటింటి నీళ్లలో బియ్యం కడుగు ఆవు కుడితికే పోయేది, అది దాని వాటా. ఒకరోజు మిగిలితే కుండలో పోశాను. రెండు రోజులకు కంపు, ఈగలు. కుండలో మంచినీళ్లు తప్ప ఏదీ పోయకూడదు. స్నానాల నీళ్లు అరటికి, కొబ్బరికి బాగానే పనిచేశాయి. బట్టలుతికిన సబ్బు పొడి నీళ్లు మాత్రం కరివేపాకుకు పోసి చెడగొట్టుకున్నాను. పది రోజులకు ఆకుల అంచులు మాడాయి. ఆ నీళ్లు తర్వాత బాత్రూము కడగడానికే వాడాం. ఆకుకూరలకు మాత్రం వాడిన నీళ్లు ఏవీ పోయలేదు.

ఏప్రిల్ చివర్లో గోరుచిక్కుడు మొదటి కోత వచ్చింది. రెండు గుప్పెళ్లు. అందరం కలిసి తిన్నాం. ఆ ఏటి ఉగాది పచ్చడి కన్నా ఆ తాలింపే నాకు గుర్తుంది. అంతకుముందు ఏప్రిల్ 11న ఓటేయడానికి పోయిన చోట ఎవరు గెలుస్తారన్న మాట కన్నా ఎవరి బోరు ఎన్ని నిమిషాలు పోస్తోందన్న మాటే ఎక్కువ వినబడింది. నెలాఖరున ఫొని తుపాను మన వైపే అన్నారు. దాని కోసం మిద్దె ఊడ్చి, పైపులు బిగించి సిద్ధంగా పెట్టుకున్నాను. అది మే 3న ఒడిశాలో పూరీ దగ్గర తీరం దాటింది.

మే నెల అన్నిటికన్నా చెడ్డది. నీడ కోసం కట్టిన పాత చీరలు ఆరు వారాలకే ఎండకు చివికి చిరిగిపోయాయి. 1,900 పెట్టి ఆకుపచ్చ నెట్టు కొన్నాను, మొదటే కొనాల్సింది. బీర పందిరికి నీళ్లు పోస్తున్నా మగ పూలే పూసింది, ఒక్క పిందె లేదు. దోసకాయలు కొన్ని విషంలా చేదు. కోసిన వెంటనే చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడకుండా పప్పులో వేయొద్దు, ఒక పూట గిన్నెడు పప్పు పారబోశాం. ప్రైవేటు ట్యాంకరు 600 ఇచ్చి ఏడు సార్లు తెప్పించాం.

ఆ నెలలోనే ఒక వింత జరిగింది. కుండల్లో నీళ్లు వారమైనా తగ్గడం లేదు, చుట్టూ మొక్కలు మాత్రం వాడుతున్నాయి. మొదట ఎండ వల్లే అనుకున్నాను. ఒక కుండ పెకలించి చూస్తే లోపల తెల్లటి పొర, అడుగున సన్నటి బురద. ఉప్పునీళ్లు, ట్యాంకరు మట్టి కలిసి కుండ గోడలకున్న సన్న రంధ్రాలు మూసేశాయి. కొబ్బరి పీచుతో గట్టిగా రుద్ది, ఒకరోజు ఎండలో పెట్టి మళ్లీ పాతాను. ఇరవై రెండూ అట్లా చేయడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తర్వాత గుడ్డలో వడకట్టకుండా ఒక్క చెంబు పోయలేదు.

మే 22 సాయంత్రం ఉరుములు, ఈదురు గాలి, నలభై నిమిషాలు వాన. మా మిద్దె తొమ్మిది వందల చదరపు అడుగులు. మొదటి ఐదు నిమిషాల నీళ్లు పిట్టల రెట్ట, దుమ్ము కలిసి ఉంటాయని బయటికి వదిలి, పైపు డ్రమ్ములోకి తిప్పాం. వెయ్యి లీటర్ల సింటెక్సు ఎంత తొందరగా నిండిందంటే, పిల్లోళ్లు బిందెలు, బకెట్లు, సంగటి గిన్నెలు, చివరికి ఆవు తొట్టి కూడా తెచ్చి పెట్టారు. మేమంతా తడిసి ముద్దయ్యాం. పెరట్లో బయట పెట్టిన నిలువు డబ్బాలో స్కేలు ముంచి చూస్తే రెండు సెంటీమీటర్లకు కొంచెం తక్కువ. అంత చిన్న వానకే ఆ మిద్దె మీద పదిహేను వందల లీటర్లు పడ్డాయన్న మాట. ఇన్నేళ్లూ అది వీధి కాలువలోకి పోయింది. జూన్‌లో 9 వేలు పెట్టి పాత బోరు పక్కన ఆరడుగుల ఇంకుడు గుంత తవ్వించి, రాళ్లు, కంకర, ఇసుక నింపి, మిద్దె పైపు దాంట్లోకి వదిలాం. రోహిణి కార్తె పోయినా రుతుపవనాలు ఆలస్యం. జులై అంతా తుంపర్లే.

సెప్టెంబరు మూడో వారంలో వానలు పట్టుకున్నాయి. చెరువులోకి నీళ్లొచ్చాయి. అక్టోబరు మొదట్లో బోరు నలభై నిమిషాలు పోసింది. చెరువు నిండాకే తేరుకుంది కాబట్టి ఇది ఇంకుడు గుంత ఖాతాలో రాయను.

ఎనిమిది నెలల కోత లెక్క: వంకాయలు 31 కిలోలు, గోరుచిక్కుడు 19, అలసంద కాయలు 12, బెండ 8, దోస 14, మునక్కాయలు లెక్క పెట్టలేదు, ఇరుగుపొరుగుకు కూడా ఇచ్చాం. కుండలు, నెట్టు, కూలీ, ట్యాంకర్లు కలిపి తోట ఖర్చు ఎనిమిది వేలు దాటింది. డబ్బు ఒక్కటే చూస్తే సంతలో కొనుక్కోవడమే చవక. ఇది దాచకుండా చెబుతున్నాను. కానీ కుండలు, నెట్టు మళ్లీ వాడొచ్చు. 78 వేల బోరు గుంతకు మాత్రం ఇప్పుడు రాయి మూత తప్ప ఇంకేమీ లేదు.

మొన్న ముసలిదైపోయిన వంగ మొక్కలు పీకేశాను. ఒకటి రాలేదు. చుట్టూ తవ్వితే కుండతో సహా పైకి వచ్చింది. వేర్లు కుండ చుట్టూ చేప వలలా అల్లుకుని, గోడకు అంటుకుని ఉన్నాయి. విడదీస్తే కుండ మీద వాటి గీతలు పడ్డాయి. అత్తకు చూపిస్తే చాలాసేపు చేతిలో పట్టుకుని తిప్పి తిప్పి చూసింది.

కుండలన్నీ కడిగి వసారాలో బోర్లించాను. మూడు పగిలాయి. జనవరిలో కుండలు కాల్చే ఆవం పెట్టేటప్పుడు ఇంకో పది పల్చటివి చేయమని కుమ్మరికి ముందే చెప్పి వచ్చాను. చచ్చిన కొబ్బరి చెట్టు ఇంకా అట్లాగే నిలబడి ఉంది. కొట్టించే మాట అత్త ఎత్తేదాకా నేను ఎత్తను.